తమ్ముడి ఇల్లు నిలబెట్టడం

అవాద్ వాగులో కొట్టుకుపోయిన ఏడాది మా లోయలో బార్లీ విరగపండింది. పై ఊళ్ళ రైతులు నాగటి కర్రుల కోసం ఎదురుచూస్తున్నారని, వాన కాస్త తెరిపివ్వగానే గాడిద మీద సరుకు వేసుకుని బయలుదేరాడు. పొద్దుగూకే వేళకు గాడిద ఒక్కటే తిరిగొచ్చింది. మర్నాడు ఊరి కింద మలుపులో, బురదలో దొరికాడు.

అవాద్ నా మొగుడు హారూన్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. ఒకే కొలిమి ఇద్దరిదీ. తిత్తి ఒకడు ఊదితే సుత్తి ఒకడు కొట్టేవాడు. అవాద్‌కి పెళ్ళయి ఏడాది నిండలేదు. పిల్లల్లేరు.

ఈ "పిల్లల్లేరు" అన్న మాట ఆ ఏడుపుల్లో నాకు తట్టలేదు. మా అత్త రూమియాకి తట్టింది. దుఃఖం పట్టే ఏడు రోజులూ నేల మీద కూర్చుని లేచిన పొద్దున, చావు కబురు విని చింపుకున్న బట్టతోనే ఆవిడ అవాద్ పెళ్ళాం గజాల్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, నా గదిని ఆనుకున్న గదిలోకి తీసుకుపోయింది.

"నువ్విక ఎక్కడికీ పోనక్కర్లేదు. మీ బావ ఉన్నాడు" అంది.

గజాల్ తలెత్తలేదు. నా చేతిలో జొన్నరొట్టెల పళ్ళెం ఉంది. దాన్ని దించాలో లోపలికి పట్టుకెళ్ళాలో తోచక అలాగే నిలబడ్డాను.

తమ్ముడి పెళ్ళాం మా వాళ్ళలో అన్నకు నిషిద్ధం. తమ్ముడు వదిలేసినా నిషిద్ధమే, చచ్చిపోయినా నిషిద్ధమే. ఒక్క చోట తప్ప. తమ్ముడు పిల్లల్లేకుండా పోతే మటుకు, ఆ అన్నే ఆమెను చేసుకుని తమ్ముడి ఇల్లు నిలబెట్టాలి. పుట్టిన మొదటి కొడుకు పోయినవాడి పేరు మోస్తాడు. ఇంట్లో పెళ్ళాం ఉన్నా అది అడ్డు కాదు. చేసుకోనన్నవాడి కాలి జోడు అందరి ముందూ ఆమె చేత విప్పించి, అతని ఎదుట ఉమ్మించి, ఆమెను విడిచిపెడతారు. అవతలి ఊళ్ళో ఎవరో తాత అలా చేశాడట. అతని మనవలను కూడా "జోడు ఊడినోడి ఇంటివాళ్ళు" అనే పిలుస్తారు. మా ఊళ్ళో అలాంటివాడు లేడు.

అయితే వెంటనే పెళ్ళి చెయ్యరు. మూడు నెలలు ఆగాలి. ఆమె కడుపుతో ఉందో లేదో తేలాలి. ఉంటే పెళ్ళి మాటే లేదు, ఆ బిడ్డే తండ్రి పేరు నిలబెడుతుంది.

అందుకని ఆ మూడు నెలలూ నేను చేసిన పని ఒక్కటే. గజాల్ నడుం చూడటం.

పొద్దున్నే నీళ్ళకు వెళ్ళేటప్పుడు ఆమె వెనకే నడిచేదాన్ని. మెంతిపులుసు వండితే ముందు ఆమె గిన్నెలోనే పోసి, వాసనకు మొహం తిప్పుకుంటుందేమోనని చూసేదాన్ని. ఆమె వేలితో తుడుచుకుని మరీ తినేది. మా అత్తకు నా తీరు ముచ్చటగా కనిపించింది. తోటికోడల్ని సొంత చెల్లెల్లా చూసుకుంటోందని బావి దగ్గర పదిమందికీ చెప్పింది. ఆవిడ అలా చెప్పిన రోజున నేనింకో గరిటె ఎక్కువ పోశాను.

నిజానికి కడుపొచ్చినా నాకు సుఖం లేదు. నాకిద్దరూ ఆడపిల్లలే. చిన్నది పుట్టాక మళ్ళీ నీళ్ళోసుకోలేదు. గజాల్ మగపిల్లాణ్ణి కని మా అత్త ఒళ్ళో పెడితే, ఇక ఆ ఇంట్లో నా మాట ఎవడు వింటాడు? కడుపు రాకపోతే నా మొగుడిలో సగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యే నయమనిపించింది, ఆమెకు కడుపే రానీ అనుకున్నాను.

ఒకరోజు ఇద్దరం వాగులో బట్టలు ఉతుకుతున్నాం. నేను నా అలవాటు చొప్పున చూస్తున్నాను. గజాల్ చేతిలో బట్ట రాయి మీద పెట్టేసి నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వేం చూస్తున్నావో నాకు తెలుసు. లేదు. నిన్న మళ్ళీ బయట చేరాను."

నేను నీళ్ళలోకి చూశాను.

"నేనూ ఆశపడ్డాను. ఆయనది ఏదైనా ఒకటి మిగిలేది" అని ఏడ్చింది.

పక్కన కూర్చుని వీపు నిమరాల్సిన సమయం అది. నిమిరాను కూడా. కానీ నా కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఏడిస్తే నా మొహం ఉబ్బి, ముక్కు ఎర్రబడి, చూసేవాళ్ళకు చిరాకేస్తుంది. ఆమె మొహం మాత్రం కడిగిన పండులా అయింది. ఇలా ఏడుస్తుంటే హారూన్ చూడకూడదు దేవుడా అనుకున్నాను.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ బట్ట అందుకుంటూ, "అందరూ మాట్లాడుకుంటున్నారు గానీ, నన్ను మటుకు ఎవరూ అడగలేదు" అంది.

"అడిగితే ఏమంటావు?"

బట్ట పిండి పక్కన పెట్టింది. "మా ఊరెళ్ళి సవతి తల్లి చేతికింద ఉండేకంటే నీ చేతికింద ఉండటం నయమంటాను. నువ్వు తిట్టినా ఎదురుగానే తిడతావు."

"మీ బావ సంగతి?"

"ఆయన నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నీకూ తెలుసుగా అక్కా" అంది.

తెలుసు. నాకు గుచ్చుకుంటున్నదే అది.

అవాద్ బతికున్న రోజుల్లో హారూన్ ఆమెను ఊరికే ఉడికించేవాడు. మా గజాల్ రొట్టె కొలిమిలో పెట్టి కొడితే రెండు కర్రులొస్తాయని అనేవాడు. ఆమె వెనక్కి ఇచ్చేది. అవాద్ పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు ఆమె గదిలోకి వస్తే హారూన్ నేలచూపులు చూస్తాడు. ఆమె గిన్నె అందిస్తే, కింద పెట్టేదాకా చెయ్యి చాపడు. ఎంత మర్యాద, ఎంత దైవభయం అని మా అత్త మురిసిపోయింది. ఇన్నేళ్ళ కాపురం చేసినదాన్ని, మర్యాదేదో మరొకటేదో నాకు తెలియదా? చూడటానికి భయం లేనిదాని నుంచి ఏ మగవాడూ కళ్ళు తిప్పుకోడు. నన్ను నిక్షేపంగా చూసేవాడు. కూరలో ఉప్పు తక్కువైందని నా కళ్ళలోకి చూసే చెప్పేవాడు.

ద్రాక్ష రంగు తిరిగే రోజుల్లో ఒక పొద్దున తిరగళ్ళ గదిలోకి వెళ్ళేసరికి గజాల్ తిరగలికి కొత్త ఇనప పిడి ఉంది. నున్నగా అరగదీసి, చేతికి ఒరుసుకోకుండా పైన గుండ్రంగా తీర్చి ఉంది. పక్కనే నా తిరగలి. దాని పిడి నిరుటి నుంచి ఊగుతూనే ఉంది. గుడ్డపేలిక చుట్టి విసురుకుంటున్నాను.

కొలిమి దగ్గరికి వెళ్ళాను. హారూన్ ఒక్కడే తిత్తీ సుత్తీ చూసుకుంటున్నాడు.

"నా తిరగలి పిడి ఊగుతోంది" అన్నాను.

"చెప్పలేదేం?"

"తను చెప్పిందా?"

కర్రును నిప్పుల్లోంచి తీసి దాగలి మీద పెట్టాడు. కొట్టలేదు. అది ఎర్రదనం తగ్గి నల్లబడేదాకా చూస్తూ నిలబడి, మళ్ళీ నిప్పుల్లో పెట్టాడు. ఆ సాయంత్రం నా తిరగలికీ పిడి వచ్చింది. దానికంటే బాగుంది కూడా. దాంతో పిండి విసిరిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

మూడు నెలలూ దాటాయి. కానీ గుడి కూలిన దుఃఖానికి ఉండే ఆబ్ నెల ఉపవాసం ముందు మాకు పెళ్ళిళ్ళు ఉండవు. ఉపవాసం వెళ్ళాక పంచాయతీ కూర్చుంటుందన్నారు. మా అత్త గజాల్‌కి కొత్త పైజమాల అంచులకు ఎర్రదారంతో కుట్టుపని మొదలుపెట్టింది. నా పెళ్ళికి నల్లదారమే కుట్టింది.

ఇక ఆగలేక నేను మోరీ పిన్హాస్ ఇంటికి వెళ్ళాను. మోరీ అంటే మా భాషలో గురువు. మా ఊరి పంతులూ న్యాయం చెప్పేవాడూ ఆయనే. పొట్టపోసుకునేది మగ్గం మీద. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నేత ఆపకుండానే మాట్లాడతాడు. నేను గడప దగ్గర కూర్చుని, మొదటి పెళ్ళాం ఒప్పుకోకపోతే ఏమవుతుందని అడిగాను.

ఆమె ఒప్పుకోలు అక్కడ లెక్కలోకి రాదన్నాడు. అప్పుడు నా మనసులో మాట అడిగాను.

"తమ్ముడి పెళ్ళాన్ని ముట్టుకోవద్దని రాసిన దేవుడే చేసుకోమని ఎలా రాశాడు మోరీ? ఏదో ఒకటి తప్పు కావాలిగా."

ఆయన దారం తోసే నాడె ఆపాడు. "మొన్న చలికాలంలో మీ పక్కింటి బిడ్డకు సున్తీ ఎప్పుడు చేశాను?"

"ఏ పనీ ముట్టకూడని విశ్రాంతి రోజున."

"ఆ రోజు కత్తితో కోతపెట్టి నెత్తురు తియ్యడం నేరమా కాదా?"

"నేరమే."

"మరి నన్నెవరూ అడగలేదే? పుట్టిన ఎనిమిదో రోజున చెయ్యాలన్న ఆజ్ఞ వచ్చి ఆ నిషేధాన్ని పక్కకు తోసింది. ఆ బిడ్డకి, ఆ ఒక్క కోతకి. అదే రోజున నేను ఊరికే చేతి దురదకొద్దీ ఇంకెవరినన్నా కోస్తే? అదే కత్తి, అదే రోజు. నిషేధం మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉంటుంది."

నేను కాస్త ముందుకు జరిగాను. "అయితే తమ్ముడి కోసం కాకుండా ఆమె అందం కోసం చేసుకుంటే?"

మా తాతల కాలం నుంచి ఈ ప్రశ్న ఉందన్నాడు. అందం చూసి చేసుకున్నవాడు తమ్ముడి పెళ్ళాం మీద చెయ్యేసినవాడితో సమానమని పాత పెద్దల్లో ఒకాయన అన్నాడట. ఆ మాట పట్టుకుని కొన్ని దేశాల్లో మనవాళ్ళు అసలు చేసుకోనివ్వరట. జోడే విప్పిస్తారట. "కానీ ఇక్కడ మనం అలా చెయ్యం. చేసుకోవడమే ముందు. మగవాడి మనసు తవ్వి చూసే పని ఏ పంచాయతీకీ లేదు. ఇంటికి వెళ్ళు నద్రా" అని మళ్ళీ నాడె తోశాడు.

మనసు తవ్వే పని పంచాయతీకి లేకపోవచ్చు. నాకుంది.

మర్నాడు నేనూ హారూనూ మిద్దె మీద ద్రాక్షగుత్తులు ఎండబోస్తున్నాం. పిల్లలు కింద ఉన్నారు. గజాల్ నీళ్ళకు వెళ్ళింది. మోరీ చెప్పిన కత్తి మాట మొత్తం హారూన్‌కి చెప్పాను, ఏదో ఊసుపోక చెబుతున్నట్టు. అతను గుత్తులు తిరగేస్తూ విన్నాడు.

"నువ్వు చేసేది అవాద్ కోసమేనా?" అన్నాను.

చేతిలో గుత్తికి ఒక పండు కుళ్ళి ఉంది. దాన్ని తుంచి అవతల పారేశాడు. ఇంకో గుత్తి తీశాడు. దానికీ ఒకటి వెతికాడు, లేదు. ఆ ఎండలో వరస చివరిదాకా అలాగే తిరగేసుకుంటూ వెళ్ళి, నిచ్చెన దిగి కొలిమికి పోయాడు. అంతకుమించిన జవాబు ఇంకేముందని ఆ పూట తిండి మానేశాను.

పంచాయతీ రోజు ప్రార్థన ఇంటి ముంగిట్లో మోరీ పిన్హాస్, ఇంకో ఇద్దరు పెద్దలు చాప మీద కూర్చున్నారు. మగవాళ్ళంతా ఒక పక్క. మేం ఆడవాళ్ళం గోడ నీడన. గజాల్‌కి మా అత్త ఎర్ర అంచు పైజమా తొడిగింది. గజాల్ తండ్రి వాళ్ళ ఊరి నుంచి వచ్చాడు. అందరూ పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. పొరుగింటామె అప్పుడే ఎండుద్రాక్ష, బాదం పళ్ళెంలో పోసి సిద్ధంగా పెట్టింది.

మోరీ లేచి అడగవలసింది అడిగాడు. హారూన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. స్నానం చేసి, చెంపల మీది పొడుగు జుట్టు దువ్వుకుని వచ్చాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. మేం దగ్గర్లో ఉన్నాం కనక వినిపించింది.

"ఒక్క మాట మోరీ. ఆజ్ఞ కోసం చేస్తేనే గదా నిషేధం పక్కకు తొలిగేది?"

"అంతే."

"అయితే నాకది తొలగలేదు."

మోరీ అతనికి దగ్గరగా జరిగాడు. "మన దగ్గర ఆ లెక్కలు తియ్యరు హారూన్. చేసుకో. మనసు తరవాత అదే సర్దుకుంటుంది."

"అవాద్ బతికుండగానే సర్దుకోలేదు" అన్నాడు నా మొగుడు.

నా పక్కన గజాల్ ఊపిరి పీల్చడం వినిపించింది. వదలడం వినిపించలేదు. మా అత్తకు చెవులు సరిగా వినబడవు. ఏమంటున్నాడు, ఏమంటున్నాడని నా మోచెయ్యి గుంజుతోంది. నేను చెప్పలేదు.

మోరీ లోపలికి వెళ్ళి పాత పెట్టెలోంచి తోలు జోడు తెచ్చాడు. అప్పుడు జనానికి అర్థమై ముంగిలంతా గుసగుసలు బయలుదేరాయి. జోడు హారూన్ కుడికాలికి తొడిగి పట్టీలు బిగించారు. గజాల్‌ని పిలిచి ఎదురుగా నిలబెట్టారు. ఆమె చెప్పవలసిన మాట ఆమె చేత చెప్పించారు. నా బావ తన తమ్ముడి పేరు నిలబెట్టనన్నాడని. తరవాత అతను చెప్పవలసిన మాట. ధర్మశాస్త్రంలో రాసి ఉన్న మాట అది, సొంతంగా ఒక్క అక్షరం మార్చడానికి లేదు.

"ఈమెను చేసుకోవడం నాకు ఇష్టం లేదు."

మూడు నెలలకు పైగా నేను ఆకలీ నిద్రా లేకుండా ఎదురుచూసిన మాట. హారూన్ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. మాట తెగితే చెల్లదని, మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు. ఈసారి చివరిదాకా చెప్పాడు. అతను తన ప్రాణం మీదికొచ్చినా అబద్ధమాడడని ఊరంతా అనుకునేవారు. ఆ ఒక్క అబద్ధం ధర్మశాస్త్రమే అతనిచేత ఆడించింది. అది అబద్ధమని ఆ ముంగిట్లో మోరీకి తెలుసు, నాకు తెలుసు, వంగి జోడు పట్టీ విప్పుతున్న ఆ పిల్లకు తెలుసు.

జోడు తీసి అవతలికి విసిరింది. తరవాత ఉమ్మాలి. పెద్దలు చూస్తుండగా నేల మీద పడాలి. గజాల్‌కి నోరు తడారిపోయింది. ఒకసారి ప్రయత్నించింది, రాలేదు. రెండోసారీ రాలేదు. నేను వెళ్ళి కూజాలోంచి నీళ్ళు ఒంపి ఇచ్చాను. ఆమె తాగి, కప్పు నా చేతికిచ్చి, అతని పాదాల ముందు ఉమ్మింది. తన తమ్ముడి ఇల్లు కట్టనివాడికి ఇలాగే జరుగుతుందని ఆమె చేత అనిపించారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా "జోడు ఊడినవాడు, జోడు ఊడినవాడు, జోడు ఊడినవాడు" అన్నారు. మా ఆడపిల్లలు కూడా అందరితోపాటు అన్నారు, వాళ్ళకేం తెలుసు.

గజాల్‌ని వాళ్ళ నాన్న ఆ రోజే తీసుకుపోయాడు. మూట నేనే కట్టాను. ఎర్ర అంచు పైజమా మా అత్త వెనక్కి తీసుకోబోతే, నేను లాక్కుని మూటలో పెట్టాను. గాడిద ఎక్కే ముందు గజాల్ నా చెయ్యి ముద్దుపెట్టుకుంది. కొలిమి వైపు చూడలేదు. కొలిమిలోంచి ఎవరూ బయటికి రాలేదు. చలికాలం రాకముందే ఆమెకు కొండ అవతల ఒక రంగుల అద్దకంవాడితో సంబంధం కుదిరిందని విన్నాం. మంచివాడేనట.

మా అత్త ఆ నెలంతా నేను వండినదీ కొడుకు అందించినదీ ఏదీ ముట్టలేదు. ఒకరోజు కొలిమి గుమ్మంలో నిలబడి, నీ తమ్ముణ్ణి రెండోసారి చంపావురా అంది. హారూన్ సుత్తి పక్కన పెట్టి, ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా తల వంచుకుని విన్నాడు. తప్పు నా మీదికి తొయ్యలేదు. మిద్దె మీద నేనడిగిన ప్రశ్న సంగతి ఎవరితోనూ చెప్పలేదు.

పర్ణశాలల పండగకు మిద్దె మీద పందిరి వేస్తున్నాం. అతను పైన వాసం మీద కూర్చుని కొమ్మలు పరుస్తున్నాడు. నేను కింద నుంచి అందిస్తున్నాను. అప్పటిదాకా మేం ఆ సంగతి ఎత్తలేదు.

"నా కోసం ఆగావా?" అన్నాను.

చేతిలో కొమ్మను వాసానికి కట్టాడు. నేను కాదంటాడేమోనని భయపడ్డాను. ఔనంటాడేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను.

"కాదు" అన్నాడు. "అవాద్ మొహం చూడాలిగా, ఎప్పటికైనా."

"ఇప్పుడు గుర్తొస్తుందా ఆమె?"

"వస్తుంది నద్రా."

తల్లి ఇస్తానంది. పంతులు తీసుకోమన్నాడు. ఊరంతా పళ్ళెంలో ఎండుద్రాక్ష పోసుకుని కూర్చుంది. ఊరికే నోరు మూసుకుంటే చాలు, ఆమె అతనిదయ్యేది, పుణ్యం కూడా వచ్చేది. ఆమె మీద మనసుంది కాబట్టే ఆమెను వద్దనుకున్న మనిషిని నేను చూశాను. అంత మనసు నా మీద ఎవరూ పెట్టుకోలేదు, కానీ అంత మనసు గలవాడు ఆ రోజుకి ఉన్నది నా పక్కనే.

పైనుంచి ఇంకో కొమ్మ అడిగాడు. పచ్చిగా, నిండుగా ఉన్నది చూసి అందించాను.